గాజు పెట్టెకు ముందు రసీదు: పెంపుడు గెక్కోలు, చట్టం

పెంపుడు గెక్కోకు ఇంట్లో గూడు ఏర్పాటు చేసేవారికి చట్టం రెండు చోట్ల ఎదురవుతుంది. ఆ బల్లి ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒకటి, దాన్ని ఎలాంటి పెట్టెలో ఉంచారన్నది మరొకటి. కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా చాలామంది పెట్టె కొలతలతో మొదలుపెడతారు. కేసు నమోదయ్యేది మాత్రం ఎక్కువగా మొదటి ప్రశ్న మీదే.

ఈ విషయంలో ప్రధాన చట్టం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. 2022లో దాన్ని సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు చట్టంలో నాలుగు షెడ్యూళ్లు ఉన్నాయి. మొదటిదానిలో అత్యధిక రక్షణ ఉన్న జంతువులు, రెండోదానిలో అంతకన్నా కొంత తక్కువ రక్షణ ఉన్నవి, మూడోదానిలో మొక్కలు ఉంటాయి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోని జాతులు నాలుగోదానిలో ఉంటాయి. గెక్కో పేరు ఏ షెడ్యూల్‌లో ఉందో తేలాకే మిగతా ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

స్వదేశీ జాతుల సంగతి సూటిగా ఉంటుంది. మొదటి రెండు షెడ్యూళ్లలో ఉన్న జంతువును వేటాడటాన్ని సెక్షన్ 9 నిషేధిస్తుంది. చట్టం దృష్టిలో వేట అంటే చంపడమే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, సరీసృపాల గుడ్లు తీయడం కూడా వేటే. అలా పట్టుబడిన జంతువు సెక్షన్ 39 ప్రకారం ప్రభుత్వ ఆస్తి. మొదటి షెడ్యూల్ జంతువు విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా తప్పవు. మిగతా సాధారణ ఉల్లంఘనలకు 3 ఏళ్ల వరకు జైలు, లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కామారెడ్డి జిల్లావాసులకు ఇంకో మెలిక ఉంది. మెదక్, కామారెడ్డి జిల్లాల్లో విస్తరించిన పోచారం అభయారణ్యం ఎల్లారెడ్డి వైపు వారికి పక్కనే ఉంటుంది. అభయారణ్యం లోపలి నుంచి ఏ వన్యప్రాణినీ అనుమతి లేకుండా బయటికి తేకూడదని సెక్షన్ 29 చెబుతుంది. అక్కడ షెడ్యూల్‌లో పేరుందా లేదా అన్న వాదన పనికిరాదు. చెరువు చూడటానికి వెళ్లిన పిల్లలు రాళ్ల సందులో కనిపించిన చారల బల్లిని సీసాలో వేసుకొచ్చినా అది నిషేధం కిందికే వస్తుంది. చూసేవారికి మామూలు బల్లిలా కనిపించేది అరుదైన జాతి కావచ్చు కూడా.

తెలుగు నేలలోనే దీనికి ఉదాహరణలున్నాయి. తిరుమల, శేషాచలం కొండల్లోని బంగారు బల్లి మొదటి షెడ్యూల్‌లో ఉంది. కంచి వరదరాజస్వామి గుడిలో భక్తులు తాకి మొక్కే బంగారు బల్లి లోహంతో చేసింది. కొండల్లో తిరిగే ఈ ప్రాణిని మాత్రం తాకకుండా ఉండటమే క్షేమం. విశాఖపట్నం ప్రాంతపు లెపర్డ్ గెక్కోను 2022లో కొత్త జాతిగా వర్ణించారు. పెంపుడు జంతువుల వ్యాపారంలో లెపర్డ్ గెక్కోలకు గిరాకీ ఉంది కాబట్టి, ఇలాంటి జాతి వెలుగులోకి వచ్చిందంటే దాన్ని పట్టేవాళ్లూ బయలుదేరే ప్రమాదం ఉంటుంది.

ఈశాన్య రాష్ట్రాల్లో ఉండే టోకే గెక్కో కథ వేరు. అది రోగాలు నయం చేస్తుందనీ, ఒక్కోటి లక్షలు పలుకుతుందనీ వదంతులు తిరుగుతుంటాయి. ఆ వైద్య గుణాలకు శాస్త్రీయ ఆధారం లేదు. దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం వన్యప్రాణి నేరాలు. బల్లి తెచ్చిస్తామని ఎవరైనా ఫోన్‌లో అడ్వాన్స్ వసూలు చేసి ముఖం చాటేస్తే, సైబర్ మోసాల కోసం ఏర్పాటైన 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. అయితే తాను కొనబోయింది నిషిద్ధ జంతువన్న సంగతి కూడా ఆ ఫిర్యాదుతో బయటపడుతుంది. ఆ ఇబ్బంది డబ్బు పంపే ముందే గుర్తుండాలి.

విదేశీ గెక్కోల్లో ఫెల్సుమా జాతులు, ఆకు తోక ఉండే యూరోప్లాటస్ జాతులు సైటిస్ జాబితాలో ఉన్నాయి. నాలుగో షెడ్యూల్‌లోని ఇలాంటి సజీవ జంతువు ఎవరి దగ్గరున్నా సెక్షన్ 49ఎం కింద వివరాలిచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం జంతువు చేతికొచ్చిన 30 రోజుల్లోగా పరివేష్ 2.0 పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. తెలంగాణలో దీన్ని పరిశీలించేది హైదరాబాద్ అరణ్య భవన్‌లోని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. ఆ జంతువుకు సంతానం కలిగినా, అది చనిపోయినా, మరొకరికి చేతులు మారినా తెలియజేయాలి. 2020 జూన్‌లో ప్రకటించిన స్వచ్ఛంద వెల్లడి పథకంలో పత్రాలు లేకపోయినా వివరాలిచ్చే వీలుండేది. ఆ గడువు ముగిసింది. నిన్నమొన్న కొన్న జంతువుకు ఆ పథకం వర్తిస్తుందని చెప్పే అమ్మకందారు మాట నమ్మకూడదు.

సైటిస్ జాబితాలో లేని విదేశీ గెక్కో అయినా దేశంలోకి లైసెన్సుతో, కస్టమ్స్ ద్వారా వచ్చి ఉండాలి, లేదా ఇక్కడే చట్టబద్ధంగా పుట్టించినదై ఉండాలి. అందుకే శాస్త్రీయ నామం, అమ్మకందారు చిరునామా, తేదీ ఉన్న రసీదు తీసుకోవాలి. రసీదు మీద ‘ఫ్యాన్సీ లిజార్డ్’ అని రాసిస్తే అది కాగితమే తప్ప ఆధారం కాదు. 2018 నాటి పెట్ షాప్ నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కాని దుకాణం జంతువులను అమ్మకూడదు. బస్సు పార్శిల్‌లో రంధ్రాల డబ్బా పంపే వ్యక్తికి ఆ నమోదు ఉందో లేదో అడిగే హక్కు కొనేవారికుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 57 ప్రకారం నిషిద్ధ జంతువు తన వద్ద దొరికిన వ్యక్తి, అది అక్రమం కాదని తానే రుజువు చేసుకోవాలి. అప్పుడు అక్కరకొచ్చేది ఈ రసీదే.

ఇక పెట్టె. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం, కదలడానికి తగిన ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరంలో జంతువును బంధించడం నేరం. చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం కూడా అంతే. చట్టం సెంటీమీటర్లలో కొలత చెప్పదు. తగినంత అంటే ఎంతో జంతువు జీవన విధానాన్ని బట్టి తేల్చాలి. లెపర్డ్ గెక్కో నేల మీద తిరిగేది. పెద్దది ఒక్కటికి 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న గాజు పెట్టె సౌకర్యంగా ఉంటుంది. చెట్లెక్కే జాతులకు పొడవు కన్నా ఎత్తు ముఖ్యం. పైన జాలీ మూత, కింద జారని టైల్ లేదా కాగితం ఉండాలి. వెచ్చని వైపు ఒక గుహ, చల్లని వైపు ఒకటి, కుబుసం విడవడానికి తడి నాచు పెట్టిన గుహ మరొకటి కావాలి. రెండు మగ గెక్కోలను ఒకే పెట్టెలో పెడితే కొట్టుకుంటాయి.

పుస్తకాలు ఎక్కువగా చలిదేశాల కోసం రాసినవి కాబట్టి వేడి ఎలా పుట్టించాలో చెబుతాయి. కామారెడ్డి ఎండాకాలంలో సమస్య తలకిందులవుతుంది. వెచ్చని వైపు 32 డిగ్రీలు, చల్లని వైపు 25 డిగ్రీలు ఉండాల్సిన పెట్టెను, బయట 40 దాటిన రోజున పడమటి గోడకు ఆనించి పెడితే ఆ జంతువు కొన్ని గంటల్లోనే చనిపోవచ్చు. నీడపట్టున నేల గది, గాలి ఆడే జాలీ, రెండు చివర్లా థర్మామీటర్లు తప్పనిసరి. చలికాలం రాత్రుల్లో హీట్ మ్యాట్ వాడితే థర్మోస్టాట్ లేకుండా పెట్టకూడదు. లేకపోతే గెక్కో పొట్ట కాలుతుంది. తిండికి పెంచిన కీటకాలు వాడాలి, వాటికి కాల్షియం పొడి అద్దాలి. పురుగుమందు కొట్టిన ఇంట్లో దొరికిన బొద్దింక విషంతో సమానం.

జంతు హింస నిరోధక చట్టంలో శిక్ష చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. మొదటి తప్పుకు జరిమానా రూ.10 నుంచి రూ.50. దశాబ్దాల నాటి అంకె అలాగే ఉండిపోయింది. అయినా 2014లో నాగరాజ కేసులో సుప్రీంకోర్టు ఆకలి, దాహం, బాధ, భయం లేకుండా, సహజ ప్రవర్తనకు వీలుగా బతకడం ఈ చట్టం కింద జంతువుల హక్కేనని చెప్పింది. జరిమానా చిన్నదైనా, వన్యప్రాణి కేసుతో కలిసి వస్తే ఆ అభియోగం బరువు పెరుగుతుంది.

హీట్ మ్యాట్, థర్మోస్టాట్ వంటివి పాడైనవి అంటగడితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆదుకుంటుంది. కొన్న ఊరు ఏదైనా, ఫిర్యాదుదారు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. గడువు 2 ఏళ్లు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. సలహాకు 1915 నంబరు ఉంది. అద్దె ఇంట్లో ఉండేవారు ఒప్పందంలో పెంపుడు జంతువుల షరతు చదువుకుని, యజమాని అంగీకారం రాతపూర్వకంగా తీసుకుంటే తర్వాత పేచీ ఉండదు.

అటవీ అధికారులు సోదాకు వస్తే వారిని అడ్డుకోవడం తెలివితక్కువ. సహేతుక కారణం ఉంటే ఇంట్లోకి వచ్చే అధికారం వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 50 ఏ అటవీ అధికారికైనా, ఎస్సై, ఆపై స్థాయి పోలీసు అధికారికైనా ఇస్తుంది. గుర్తింపు కార్డు అడగవచ్చు. పంచనామాలో రాసింది చదివాకే సంతకం చేయాలి. తన పత్రాల నకళ్లు ఇచ్చి, ఆ సంగతి పంచనామాలో రాయించుకోవాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు. అందుకు న్యాయ సేవాధికార సంస్థను, లేదా 15100 నంబరును సంప్రదించాలి.

పెంచలేని పరిస్థితి వస్తే గెక్కోను అడవిలో వదిలేయకూడదు. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును విడిచిపెట్టడం జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం. విదేశీ జాతి రోగాలను స్థానిక బల్లులకు అంటించే ప్రమాదం కూడా ఉంటుంది. రిజిస్టరైన జంతువును మరొకరికి ఇస్తే పరివేష్ పోర్టల్‌లో మార్పిడి నమోదు చేయాలి. పత్రాలు లేని జంతువు ఇప్పటికే ఇంట్లో ఉంటే, దాన్ని దాచడం కన్నా న్యాయవాదితో మాట్లాడి రేంజ్ ఆఫీసర్‌కు లిఖితపూర్వకంగా తెలియజేయడం మంచిది. ఆ లేఖ నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి.