మార్చలేనివి ముందు చూడు

విజయవాడ

అమ్మలూ, మొన్న నువ్వు ఫోన్ చేసి, "మావయ్యా, సిస్టమ్ పోయింది, ఆ మదర్‌బోర్డు ఇప్పుడు దొరకదంటున్నారు, ఈసారి ల్యాప్‌టాప్ తీసుకుంటాను, ఏ కంపెనీది కొనమంటావు?" అని అడిగావు. ఒక పేరు చెప్పి ఫోన్ పెట్టేయడానికి నాకు మనసొప్పలేదు. దీనికి పెట్టబోయే అరవై వేలు నువ్వు పేజీకి ఇంత చొప్పున కూడబెట్టుకున్నవి. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఏళ్లు డీటీపీ సెంటర్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి, మన పనికి ఏం కావాలో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు ఒక మాట. కదలకుండా ఒకే బల్ల దగ్గర పని చేసుకునేవాళ్లకి నేను ఇప్పటికీ డెస్క్‌టాపే కొనమంటాను. అదే డబ్బుకి ఎక్కువ బలమైన మిషన్ వస్తుంది. కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ కాలిపోతే అదొక్కటే మార్చుకుంటాం, ర్యామ్ చాలకపోతే ఇంకోటి గుచ్చుకుంటాం. నీ సంగతి వేరు. నెలకి రెండుసార్లు అమ్మ కోసం హైదరాబాద్ నుంచి ఇక్కడికి వస్తున్నావు. ఏలూరు రోడ్డులో పబ్లిషర్ పక్కన కూర్చుని ప్రూఫులు దిద్దాల్సి వస్తోంది. పోయినసారి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫైలు మా సెంటర్లో తెరిస్తే, ఇక్కడ ఆ ఫాంటు లేక అక్షరాలు జరిగిపోయి 200 పేజీల పుస్తకం 212 పేజీలైంది. తెల్లవారేదాకా నువ్వు పడ్డ అవస్థ కళ్లారా చూశాను. పని నీతోపాటు తిరుగుతున్నప్పుడు మిషనూ తిరగాలి. నీ నిర్ణయం సరైనదే.

పాతదాన్ని ఎలాగోలా బాగుచేయించమని కూడా నేను చెప్పను. 2014లో కొన్నది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరో ఆ తర్వాతదో ఉండాలి. నీ సిస్టమ్‌కి ఆ రెండూ లేవు. దాని మీద ఇంక డబ్బు పెట్టకు.

ఇప్పుడు నా అనుభవం విను. 2018లో నేనూ ఒక ల్యాప్‌టాప్ కొన్నాను. షాపులో అన్నిటికంటే పల్చగా, తేలిగ్గా ఉంది. ప్రాసెసర్ పేరు పెద్దది. ఒక్క చేత్తో ఎత్తి చూసి మురిసిపోయి తెచ్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి పేజీ తెరవడానికే ఆయాసపడుతోంది. ర్యామ్ పెంచిద్దామని మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాను. ఆ అబ్బాయి అడుగున ఉన్న మరలన్నీ ఒక్కొక్కటే ఊడదీసి, ప్లాస్టిక్ రేకుతో అంచులు విడదీసి, మూత పక్కన పెట్టి, బోర్డు మీద నల్లటి చిప్పులు నాలుగు వేలితో చూపించాడు. "ఇదేనండీ మీ ర్యామ్. బోర్డుకే అతికించేశారు. స్లాట్ లేదు" అన్నాడు. మళ్లీ మరలన్నీ బిగించి ఇచ్చి, డబ్బులు కూడా తీసుకోలేదు. ఉన్న 4 జీబీతోనే ఇంకో మూడేళ్లు ఈడ్చాను. ఆ రోజు నేర్చుకున్నది ఒకటే, ఈ ఉత్తరమంతా దాని గురించే: ల్యాప్‌టాప్ కొనేటప్పుడు, తర్వాత మార్చుకోలేనివి ముందు చూడాలి. మార్చుకోగలిగినవి వెనక చూసుకోవచ్చు.

మార్చలేనివాటిలో మొదటిది తెర. డెస్క్‌టాప్‌కి మానిటర్ నచ్చకపోతే ఇంకోటి తెచ్చుకుంటాం. దీనికి అలా కుదరదు. రోజుకి ఎనిమిది గంటలు నీ కళ్లు దాని మీదే ఉంటాయి. షాపుకి వెళ్లినప్పుడు వాళ్లు వేసే రంగురంగుల వీడియో చూడకు. నోట్‌ప్యాడ్ తెరవమను. అక్షరం సైజు 10 పెట్టి రెండు మాటలు కొట్టు: అర్థం, అర్ధం. మొదటిదానికి భావమని, రెండోదానికి సగమని. ఈ రెంటినీ వేరు చేసేది థ పొట్టలో ఉండే చుక్క ఒక్కటే. ర కింద ఒత్తుగా దిగేసరికి ఆ చుక్క ఆవగింజలో సగం కూడా ఉండదు. కుర్చీలో మామూలుగా ఆనుకుని కూర్చుని చూడు. చుక్క కనబడిందా, ఆ తెర మన పనికి వస్తుంది. ముందుకి వంగితేగాని కనబడలేదంటే, అది ఎంత గొప్ప కంపెనీదైనా వదిలేయ్. కథని కధగా వదిలేసిన ప్రూఫు మన చేతిమీదుగా పోకూడదు తల్లీ. పుస్తకం అచ్చయ్యాక ఆ తప్పు వెయ్యి కాపీల్లో ఉంటుంది.

తెర గురించి కాగితం మీద చూడాల్సినవి మూడు. 1366 బై 768 అని ఉంటే వద్దు. కనీసం 1920 బై 1080 ఉండాలి. 1920 బై 1200 దొరికితే ఇంకా మేలు, ఎత్తు ఎక్కువ కాబట్టి పేజీ కింది వరసలు రెండు మూడు ఎక్కువ కనిపిస్తాయి. ప్యానెల్ ఐపీఎస్ అయి ఉండాలి, అప్పుడు పక్క నుంచి చూసే రచయితకీ నీకూ ఒకే రంగు కనిపిస్తుంది. మూడోది రంగు. చవక ల్యాప్‌టాప్‌ల వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటుంది. అలాంటి తెర మీద కుంకుమ ఎరుపు ఇటుక రంగులా వెలిసిపోయి కనబడుతుంది. నువ్వు ముఖచిత్రాలు కూడా చేస్తావు కాబట్టి 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ అని ఉన్నదే అడుగు. దీనికోసం ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగాల్సి వచ్చినా దిగు.

రెండోది కీబోర్డు. మా తరం అను ఫాంట్లతో యాపిల్ లేఅవుట్ మీద చేతులు తిప్పాం. నువ్వు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నావు. అందులో త కొట్టే మీట మీదే షిఫ్ట్‌తో థ, ద కొట్టే మీట మీదే షిఫ్ట్‌తో ధ. ఇలాంటి ఒత్తక్షరాలన్నిటికీ షిఫ్టే దిక్కు. కాబట్టి రెండు వైపులా షిఫ్ట్ మీటలు నిండుగా ఉన్నాయా, పై బాణం మీట కుడి షిఫ్ట్‌లోకి చొరబడిందా చూడు. పెద్ద సైజు ల్యాప్‌టాప్‌లలో కుడి పక్కన అంకెల మీటలు ఇరికిస్తారు. దాంతో అక్షరాల మీటలు ఎడమకి జరిగిపోతాయి, రోజంతా ఒళ్లు ఒక పక్కకి తిరిగి కూర్చుంటావు. షాపులో నిలబడి నాలుగు మీటలు నొక్కి చాలనుకోకు. కుర్చీ అడిగి, కూర్చుని, ఒక పేరా పూర్తిగా కొట్టు. మొహమాటపడకు.

మూడోది ర్యామ్. నీ పనికి 16 జీబీ కావాలి. వివరాల్లో ఎల్‌పీడీడీఆర్ అనో ఆన్‌బోర్డ్ అనో ఉంటే నా 2018 కథే అనుకో, బోర్డుకి అతికించినట్టే. అలాంటిదైతే మొదటి రోజే 16 ఉన్నది తీసుకో. 8 అతికించి, ఇంకో స్లాట్ ఖాళీగా వదిలిన మోడళ్లూ ఉన్నాయి, అవి ఫర్వాలేదు. "స్లాట్లు ఎన్ని? ఖాళీగా ఎన్ని ఉన్నాయి?" అని అడుగు. సేల్స్ కుర్రాడికి తెలియకపోతే కంపెనీ వెబ్‌సైట్లో మోడల్ నంబరు కొట్టి చూపించమను.

ఇక ప్రాసెసర్. డెస్క్‌టాప్‌లో ఐ5, ల్యాప్‌టాప్‌లో ఐ5 ఒకటే అనుకుంటారు చాలామంది. మామూలు డెస్క్‌టాప్ ఐ5 కి లెక్క 65 వాట్లు. ల్యాప్‌టాప్‌లో ఐ5 నంబరు చివర యు ఉంటే దాని లెక్క సాధారణంగా 15 వాట్లు, హెచ్ ఉంటే 45. వాట్లు తగ్గితే వేడి తగ్గుతుంది, బ్యాటరీ నిలుస్తుంది, కానీ గంటల తరబడి దంచే పనికి వేగం తగ్గుతుంది. నీది అక్షరాల పని, వీడియోల పని కాదు. ఈమధ్య తరాల్లో మధ్యరకం యు ప్రాసెసర్ నీకు హాయిగా సరిపోతుంది. ఇంకో జాగ్రత్త ఉంది. ఇప్పుడు స్నాప్‌డ్రాగన్ చిప్పులతో విండోస్ ల్యాప్‌టాప్‌లు వస్తున్నాయి. బ్యాటరీ బాగా నిలుస్తుంది, చల్లగా ఉంటాయి. అయితే ఆ చిప్పు జాతి వేరు. పాత ప్రింటర్లకి, స్కానర్లకి, తాళం డాంగిల్‌తో నడిచే తెలుగు సాఫ్ట్‌వేర్‌కి ఆ జాతికి తగ్గ డ్రైవర్లు లేకపోతే అవి పనిచేయవు. పాత మిషన్లతో మెలగాల్సిన మనలాంటివాళ్లకి ఇంటెల్ గానీ ఏఎమ్‌డీ గానీ క్షేమం.

మార్చుకోగలిగినవాటి గురించి ఎక్కువ ఆలోచించకు. ఎస్ఎస్‌డీ 512 జీబీతో మొదలుపెట్టు, చాలా మోడళ్లలో తర్వాత పెద్దది వేసుకోవచ్చు. మౌస్, బ్యాగు, రంగు, మూత మీద మెరుపు ఇవేవీ నీ పని ఆపవు.

పాత సిస్టమ్‌ని పాత సామాన్లవాడికి వేయకు. దాని మానిటర్, కీబోర్డు, మౌస్ ఇంకా బంగారంలా ఉన్నాయి. ఇంట్లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఆ మానిటర్‌కి తగిలించు. మానిటర్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే మధ్యలో చిన్న కన్వర్టర్ పెట్టుకోవాలి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నీ మెడ. ల్యాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. చేతులకి అనువైన ఎత్తులో పెడితే మెడ వంగుతుంది, కళ్లకి అనువైన ఎత్తులో పెడితే భుజాలు లేస్తాయి. తెర పై అంచు కంటి ఎత్తున ఉండాలి, మోచేతులు బల్ల ఎత్తున ఉండాలి. రెండూ కుదరాలంటే స్టాండు, విడి కీబోర్డు తప్పవు. ముప్పై ఏళ్లు వంగి కూర్చున్నందుకు నేను ఇప్పుడు రోజూ పొద్దున్నే మెడకి కాపడం పెట్టుకుంటున్నాను. నీకు ఆ అవసరం రాకూడదు.

పాత సిస్టమ్‌లో ఉన్న ఫైళ్లు ఇంకా ముఖ్యం. సీపీయూలోంచి హార్డ్ డిస్క్ తీయించు. అది మూడున్నర అంగుళాలది కాబట్టి, విడిగా కరెంటు అడాప్టర్ ఉన్న డబ్బాలో పెట్టించి యూఎస్‌బీతో తగిలించుకో. పాత పేజ్‌మేకర్ ఫైళ్లని ఇన్‌డిజైన్ సీఎస్6 వరకే తెరవగలిగింది, తర్వాతి సీసీ వెర్షన్లు తెరవవు. మా సెంటర్లో ఆ పాత వెర్షన్ ఇంకా నడుస్తోంది. వచ్చేటప్పుడు డిస్క్ పట్టుకురా, కూర్చుని ఒక్కొక్క పుస్తకం తెరిచి, యూనికోడ్‌లోకి మార్చి, కొత్త ఫార్మాట్లో దాచుకుందాం. ఇది ఈ ఏడాది చేయకపోతే ఇంకెప్పటికీ చేయలేం.

డెస్క్‌టాప్ గదిలో కదలకుండా ఉండేది. ల్యాప్‌టాప్ నీతో బస్సెక్కుతుంది, రైలెక్కుతుంది. పడిపోవచ్చు, పోవచ్చు. ప్రతి పుస్తకం మూడు కాపీలుగా ఉండాలి: ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి ఇంట్లో డిస్క్ మీద, ఒకటి గూగుల్ డ్రైవ్ లాంటి చోట. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో విండోస్ 11లోకి వెళితే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి తాళం దానంతటదే పడుతుంది. దొంగ చేతికి ఫైళ్లు చిక్కకుండా అది మంచిదే. బోర్డు చెడిపోయిన రోజు మాత్రం రికవరీ కీ లేకపోతే ఆ తాళం నీకూ తెరుచుకోదు. కొన్న రోజే ఆ కీ ప్రింటు తీసి, ఇక్కడికి వచ్చినప్పుడు అమ్మ బీరువాలో పెట్టు.

బ్యాటరీకి శత్రువులు రెండు: వేడి, ఎప్పుడూ నిండా ఛార్జింగ్‌లో ఉండటం. సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటే పెట్టుకో. పరుపు మీద పెట్టి పని చేయకు, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. మే నెల బెజవాడ ఎండల్లో మరీ జాగ్రత్త. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపిస్తే బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ క్షణమే ఆపేసి సర్వీసుకి తీసుకెళ్లు. ఛార్జర్‌కి మూడు పిన్నులుంటే ఎర్త్ ఉన్న సాకెట్‌లోనే పెట్టు.

కొనడానికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లు. ఒక పూటంతా తిరుగు. రెండు మూడు షాపుల్లో చేత్తో ముట్టుకుని చూసి, మోడల్ నంబరు పూర్తిగా రాసుకుని ఇంటికి వచ్చేయ్. ఒకే పేరు కింద తెరా ర్యామూ వేరువేరుగా ఉన్న పదిరకాలు అమ్ముతారు, నంబరు చివరి అక్షరాలదాకా సరిచూసుకోవాలి. ఒక రాత్రి నిద్రపోయి మర్నాడు కొను. ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ అడుగు, బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకో.

కంపెనీ పేరు అడిగావు కదా. నేను చెప్పిన తెర, కీబోర్డు, ర్యామ్ కుదిరితే, నీ ఇంటికి దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉన్న ఏ కంపెనీదైనా నాకు సమ్మతమే. షాపులోకి వెళ్లగానే చేయాల్సిన మొదటి పని మాత్రం మరిచిపోకు: నోట్‌ప్యాడ్ తెరిచి, సైజు 10 పెట్టి, అర్థం, అర్ధం కొట్టి చూడు.

ఇట్లు,
నీ మావయ్య