మూగ కంప్యూటర్‌కు మాట వచ్చింది - పాత సౌండ్ కార్డు పాఠం



మన భీమ్‌గల్ హాస్టల్ వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమన్నారు. పెద్ద విషయాలు రాసేవారు చాలామంది ఉన్నారు. మేము మాత్రం మన స్టోర్ రూములో బియ్యం బస్తాల వెనుక దుమ్ము పట్టి ఉన్న ఒక కంప్యూటర్ గురించి రాస్తున్నాము. మేము అంటే 2016-17లో తొమ్మిదో తరగతి చదివిన నలుగురం. రాసేది ఒకరు. ఆయన ఇప్పుడు డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతున్నాడు, ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాడు. అనుభవం మాత్రం నలుగురిది.

కంప్యూటర్ ఎలా వచ్చింది?

ఏదో ఆఫీసులో కొత్త కంప్యూటర్లు రావడంతో పాతది ఒకటి మన హాస్టల్‌కు ఇచ్చారు. పెంటియం-2 ప్రాసెసర్, 64 ఎంబీ ర్యామ్, విండోస్ 98. దానికి బొమ్మ వచ్చేది కానీ శబ్దం వచ్చేది కాదు. నిజామాబాద్‌లో ఒక రిపేరు షాపులో అడిగితే "కార్డు పోయింది, పాత సామాన్ల వాడికి వేసేయండి" అన్నారు. మేమూ నమ్మాము.

నిజం చెప్పాలంటే మాకు మొదట కావలసింది ఆటలు. తర్వాతే ఇంకో పని వచ్చి పడింది. మాలో ఒకరి నాయనమ్మ ఆదివారం పూట మనవడిని చూడటానికి వచ్చేది. చాట ఒళ్లో పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుట్టినన్నాళ్లూ ఆమె పాటలు పాడుతూనే ఉండేదట. బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు ఆమెకు చాలా వచ్చు. ఒక్కటీ కాగితం మీద లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేసి పుస్తకం తెచ్చారని మా తెలుగు సార్ చెప్పారు. పుస్తకంలో పాట మాటలు నిలుస్తాయి, పాడే గొంతు నిలవదు. ఆ గొంతును ఈ కంప్యూటర్‌లో నిలపాలని అనుకున్నాము. అప్పుడు మాలో ఎవరి దగ్గరా రికార్డు చేసే ఫోన్ లేదు.

సౌండ్ కార్డు చేసే పని

1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు దానిలో ఒక చిన్న స్పీకర్ మాత్రమే ఉండేది. అది "బీప్" అనడానికే. 1987లో కెనడాకు చెందిన యాడ్‌లిబ్ కార్డు వచ్చి ఆటలకు సంగీతం తెచ్చింది. 1989లో సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ తెచ్చింది. అది సంగీతంతో పాటు మనిషి గొంతును వినిపించగలదు, రికార్డు కూడా చేయగలదు. 1992లో సౌండ్ బ్లాస్టర్ 16 వచ్చింది. ఆ తర్వాత చాలా కంపెనీలు దానితో సరిపోయే కార్డులు చేశాయి. మన కార్డూ అలాంటిదే.

మన గొంతు గాలిలో అలలుగా వెళుతుంది. మైకు ఆ అలను విద్యుత్తుగా మారుస్తుంది. కార్డు ఆ విద్యుత్తును సెకనుకు వేల సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. వినిపించేటప్పుడు అదే అంకెలను తిరిగి విద్యుత్తుగా మార్చి స్పీకర్‌కు పంపుతుంది.

ఎన్నిసార్లు కొలవాలి? మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. దానికి రెట్టింపుకు పైగా కొలిస్తేనే అల పూర్తిగా పట్టుబడుతుంది. అందుకే ఆడియో సీడీలో సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 8 బిట్లు వాడితే 256 మెట్లు మాత్రమే ఉంటాయి, 16 బిట్లు వాడితే 65,536 మెట్లు. మెట్లు తక్కువైతే గొంతు వెనుక గరగర వినిపిస్తుంది.

లెక్క వేద్దాం. 16 బిట్లు అంటే 2 బైట్లు. 44,100 ను 2 తో గుణిస్తే సెకనుకు 88,200 బైట్లు. నిమిషానికి సుమారు 5.3 ఎంబీ. ఇది ఒక్క మైకుకు, అంటే మోనోకు. స్టీరియో అయితే రెట్టింపు. పాత హార్డ్ డిస్క్‌లో ఖాళీ ఎంత ఉందో చూసుకున్నాకే రికార్డింగ్ మొదలుపెట్టాలి.

కార్డు ఎందుకు పలకలేదు?

మేము చేసిన మొదటి తప్పు ఇది. డేంజరస్ డేవ్ ఆట పెడితే టిక్కు టిక్కుమని శబ్దం వచ్చింది. కార్డు బాగైపోయిందని ఎగిరి గంతేశాము. ఆ శబ్దం కార్డుది కాదు, డబ్బా లోపలి చిన్న స్పీకర్‌ది. ఆ ఆట సౌండ్ కార్డును వాడదు. ఏ శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చుకోవాలి.

ఐఎస్ఏ స్లాటులో కూర్చునే పాత కార్డుకు మూడు సంగతులు కుదరాలి. మన హాస్టల్ పోలికతో చెబుతాము.

1. అడ్రసు: ఇది గది నంబరు. ప్రోగ్రాము ఏ గది తలుపు తట్టాలో దీన్ని బట్టి తెలుస్తుంది. సాధారణంగా 220.

2. ఐఆర్‌క్యూ: ఇది గంట. పని అయ్యాక కార్డు గంట కొట్టి ప్రాసెసర్‌ను పిలుస్తుంది. సాధారణంగా 5, కొన్నిటికి 7.

3. డీఎంఏ: ఇది వంటింటి వెనుక తలుపు. బియ్యం బస్తాలు వార్డెన్ సార్ గదిలోంచి కాకుండా నేరుగా స్టోర్‌కు చేరినట్లు, శబ్దపు అంకెలు ప్రాసెసర్ చేతుల మీదుగా కాకుండా నేరుగా మెమరీకి, కార్డుకు మధ్య నడుస్తాయి. 8 బిట్లకు 1, 16 బిట్లకు 5.

గది నంబరు తప్పితే కార్డు లేదనే అంటుంది. గంట తప్పితే ఆటలో మొదటి ముక్క శబ్దమే మళ్లీ మళ్లీ వస్తుంది, లేదా ఆట ఆగిపోతుంది. వెనుక తలుపు తప్పితే నిశ్శబ్దమో గోలో మిగులుతుంది. లక్షణం చూసి రోగం చెప్పవచ్చు.

మన కంప్యూటర్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే సౌండ్ కార్డు పక్కన పసుపు రంగు ఆశ్చర్యార్థకం గుర్తు ఉంది. చూస్తే నెట్‌వర్క్ కార్డు కూడా ఐఆర్‌క్యూ 5 నే పట్టుకొని కూర్చుంది. ఒకే గంట ఇద్దరిదైతే ఎవరు పిలిచారో ఎలా తెలుస్తుంది? కార్డు పోలేదు. దాని గంటను ఇంకొకరు తీసుకున్నారు, అంతే.

మేము చేసిన పనులు వరుసగా

1. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, డబ్బా ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకొని ఆ తర్వాతే కార్డు తీశాము. మన ఒంటి మీది స్థిర విద్యుత్తు చిప్పులను పాడు చేస్తుంది.

2. కార్డు అంచున ఉన్న బంగారు రంగు పలకలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచాము. రబ్బరు పొడి ఊది మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాము.

3. కార్డు మీది జంపర్లు 220, 5, 1 దగ్గరే ఉన్నాయని చూసుకున్నాము.

4. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ నొక్కి బయోస్‌లోకి వెళ్లాము. పీఎన్‌పీ-పీసీఐ అనే పేజీలో ఐఆర్‌క్యూ 5 ను "లెగసీ ఐఎస్ఏ" కు కేటాయించాము. నెట్‌వర్క్ కార్డు తనంతట తాను వేరే నంబరుకు మారింది. పసుపు గుర్తు పోయింది.

5. డాస్ ఆటల కోసం ఆటోఎగ్జెక్ అనే ఫైలులో ఒక వరుస చేర్చాము: సెట్ బ్లాస్టర్ = ఏ220 ఐ5 డి1 హెచ్5 టి6. దీన్ని ఇంగ్లీషు అక్షరాల్లో, బరాబరు గుర్తుకు అటూ ఇటూ ఖాళీ లేకుండా కొట్టాలి. ఏ అంటే అడ్రసు, ఐ అంటే ఐఆర్‌క్యూ, డి, హెచ్ అంటే రెండు డీఎంఏలు, టి6 అంటే సౌండ్ బ్లాస్టర్ 16 రకం.

6. 1993లో వచ్చిన డూమ్ ఆట మొదటి భాగాన్ని దాన్ని చేసినవాళ్లే ఉచితంగా పంచారు. దాని సెటప్‌లో సౌండ్ బ్లాస్టర్ ఎంచుకొని ఇవే నంబర్లు ఇచ్చాము. ఆ రాత్రి స్టడీ అవర్ అయ్యాక తలుపు చప్పుడు స్పీకర్‌లో వినగానే మేము వేసిన కేకకు వార్డెన్ సార్ పరుగెత్తుకొచ్చారు. తిట్టి, ఆ తర్వాత ఆయనే కుర్చీ లాక్కొని కూర్చున్నారు.

ఒక్కో మార్పు చేశాక ఒకసారి పరీక్షించాలి. నాలుగు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు. మా నోటుబుక్కులో ప్రతి మార్పూ తేదీతో రాసుకున్నాము.

రికార్డింగ్

శబ్దం వచ్చింది కానీ మైకు పని చేయలేదు. ఈనాటి కంప్యూటర్లలో మైకుకు గులాబీ రంగు, స్పీకర్‌కు ఆకుపచ్చ, లైన్ ఇన్‌కు లేత నీలం రంగు రంధ్రాలు ఉంటాయి. మన పాత కార్డుకు రంగులు లేవు. ఇనుప పట్టీ మీద చెక్కిన అక్షరాలు తుడిచి చదివితే మేము మైకును లైన్ ఇన్‌లో పెట్టామని తెలిసింది. మైకు నుంచి వచ్చే విద్యుత్తు చాలా బలహీనం. మైకు రంధ్రం వెనుక దాన్ని పెంచే ఏర్పాటు ఉంటుంది, లైన్ ఇన్ వెనుక ఉండదు.

తర్వాత వాల్యూమ్ కంట్రోల్‌లో రికార్డింగ్ పేజీ తెరిచి మైక్రోఫోన్‌కు టిక్కు పెట్టాలి. వినే పేజీ వేరు, రికార్డు చేసే పేజీ వేరు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంకో మాట: ఫోన్ ఇయర్‌ఫోన్ పిన్నుకు నాలుగు భాగాలు ఉంటాయి, పాత కార్డు మైకు పిన్నుకు మూడే. అందుకే ఫోన్ మైకు నేరుగా పెడితే సరిగా పని చేయదు.

ఆ ఆదివారం నాయనమ్మ వచ్చింది. ఫ్యాన్ ఆపి, తలుపు మూసి, విండోస్‌లోనే ఉండే సౌండ్ రికార్డర్ నొక్కాము. ఆమె కళ్లు మూసుకొని ఒక పాట పూర్తిగా పాడింది. వినిపిద్దామని చూస్తే ఉన్నది ఒక్క నిమిషమే. సౌండ్ రికార్డర్ 60 సెకన్లకు ఆగిపోతుందన్న సంగతి మాకు తెలియదు. ఆమె వింటూ "అగో, గప్పుడే అయిపాయెనా బిడ్డా? నేనింకా పాడుతనే ఉంటి గదా" అంది. మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మళ్లీ పాడమంటే గొంతు సహకరించలేదు. ఆమె బస్సుకు టైమైంది.

పని ఎంతసేపో ముందు మేమే అంతసేపు మాట్లాడి పరీక్షించి ఉండవలసింది. కార్డు విషయంలో అంత జాగ్రత్తగా నోటుబుక్కు రాసిన మేము మనిషి విషయంలో రాయలేదు.

ఆమె మళ్లీ కార్తీకంలో లింబాద్రి గుట్ట జాతరకు వచ్చింది. ఈలోగా ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాము పాత వెర్షన్‌ను సీడీలో తెచ్చి ఎక్కించాము. దానికి 60 సెకన్ల హద్దు లేదు. 44,100, 16 బిట్లు, మోనో పెట్టాము. మీటరు చివరి గీత తాకకుండా స్థాయి తగ్గించాము. ఎక్కువైతే అల పైభాగం తెగిపోతుంది, తెగింది మళ్లీ అతకదు. మైకు నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కన, జానెడు దూరంలో పెట్టాము. ఇరవై నిమిషాలు మేమే మాట్లాడి పరీక్షించాము. ఆ తర్వాతే ఆమెను కూర్చోబెట్టాము.

పదకొండు నిమిషాలు వచ్చింది, సుమారు 58 ఎంబీ. చివర "గిది నా గొంతేనా?" అని ఆమె నవ్వడం కూడా అందులో ఉంది. దాన్ని కత్తిరించలేదు. హార్డ్ డిస్క్ విప్పి నిజామాబాద్ తీసుకెళ్లి రెండు సీడీలు రాయించాము. ఒకటి వాళ్ల ఇంటికి, ఒకటి మా దగ్గరకు.

2019లో నాయనమ్మ కాలం చేసింది. ఇంటి సీడీ గీతలు పడి చదవడం మానేసింది. రెండోది ఉంది కాబట్టి పాట ఉంది. ఇప్పుడు అది మా నలుగురి ఫోన్లలో ఉంది. బతుకమ్మ నాడు వాళ్ల ఇంట్లో చిన్నపిల్లలు అది పెట్టుకొని నేర్చుకుంటున్నారు.

ఈ రోజు ఎలా?

విండోస్ 98కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2006 జూలైలోనే ముగిసింది. కాబట్టి అలాంటి కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకండి. పాత పీసీఐ సౌండ్ కార్డు ఉంటే లినక్స్ వేసి చూడండి, చాలా కార్డులను అది తనంతట గుర్తిస్తుంది. శబ్దం రాకపోతే ఆల్సామిక్సర్ తెరిచి మ్యూట్ తీయండి. డాస్ ఆటలు కావాలంటే డాస్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము కొత్త కంప్యూటర్‌లోనే సౌండ్ బ్లాస్టర్ ఉన్నట్లు నటిస్తుంది. అందులో ఐఆర్‌క్యూ మామూలుగా 7 ఉంటుంది, ఆట సెటప్‌లోనూ అదే ఇవ్వండి.

ఇప్పుడు ఫోనుతో ఇంతకంటే బాగా రికార్డు చేయవచ్చు. అయినా ఈ పాఠం ఎందుకంటే, "పోయింది" అన్న మాటను మొదట కాదు, అన్నీ చూశాక చివర అనాలి. మన హాస్టల్ పిల్లల గురించి కూడా కొందరు ఆ మాట తొందరపడి అంటారు. అడ్రసు, గంట, తలుపు కుదిరితే పలకని కార్డు పలికింది.

తమ్ముళ్లూ, ఈ దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ నాయనమ్మను, అమ్మమ్మను ఒక పాట పాడమనండి. ముందు పరీక్షించండి, రెండు చోట్ల దాచండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.