సంస్కృతిని కలుపుకున్న సామాజిక-భావోద్వేగ విద్య: నల్లమల చెంచు పిల్లలు

తన భావాలను గుర్తించి అదుపులో ఉంచుకోవడం, ఎదుటివారి బాధను అర్థం చేసుకోవడం, నలుగురితో మెలగడం, బాధ్యతగా నిర్ణయాలు తీసుకోవడం నేర్పేదే సామాజిక-భావోద్వేగ అభ్యసనం. 1994లో అమెరికాలో ఏర్పడిన కాసెల్ సంస్థ దీనికి ప్రాచుర్యం తెచ్చింది. బోధన పిల్లల సంస్కృతి నుంచే మొదలవ్వాలన్న వాదనను, నల్లజాతి విద్యార్థుల తరగతి గదులను పరిశీలించి, గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1995లో సిద్ధాంతంగా ప్రతిపాదించారు.

రాయలసీమలో ఈ రెండు ఆలోచనలకూ దగ్గరి సందర్భం చెంచులది. నల్లమల కొండలు కర్నూలు ప్రాంతం నుంచి కడప జిల్లా దాకా సాగుతాయి. అక్కడి చెంచులు ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన సమూహం. వారి సంక్షేమాన్ని శ్రీశైలంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చూస్తుంది. చెంచులు మాట్లాడేది తెలుగే. అయినా గూడెం నుంచి ఆశ్రమ పాఠశాలకు వచ్చిన పిల్లవాడికి గంట కొట్టే బడి, పుస్తకాల భాష రెండూ కొత్తే. ఆ బెరుకును మందబుద్ధిగా లెక్కగట్టడం బడులకు పాత అలవాటు. తేనె తీయడంలోని జట్టు పని, జంతువుల జాడ పట్టే ఓర్పు సామాజిక-భావోద్వేగ అభ్యసనం కోరే నైపుణ్యాలే. తమ ఆడపడుచును పెళ్లాడాడన్న కథతో అహోబిల నరసింహుణ్ణి చెంచులు తమ అల్లుడిగా భావిస్తారు. ఆ కథ పాఠంలోకి వస్తే పిల్లలకు తమ తెగ పట్ల బిడియం తగ్గే వీలుంది.

చట్టపరంగా, 2009 విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలో, భయాందోళనలు లేని బోధన జరగాలంటుంది. 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధిస్తుంది. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు రాజ్యాంగంలోని 350ఎ అధికరణ ఆధారం.