ముందు పలక, తర్వాత ప్యానెల్

పొదిలి

మేనకోడలికి,

నీ మెసేజ్ చదివాను. "క్లాసులో డిజిటల్ ప్యానెల్ ఆన్ చేస్తే చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది మామయ్యా, ఆఫ్ చేసి ప్రశ్న అడిగితే ఒక్కరూ నోరు విప్పరు" అని రాశావు. బాధపడుతూ రాశావుగానీ, నాకు మాత్రం సంతోషం వేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఈ తేడా కనిపెట్టావంటే నీ చూపు తెర మీద కాక పిల్లల మీదే ఉందన్నమాట. క్లాసు సద్దుమణిగితే చాలు, పాఠం అయిపోయిందని డైరీలో రాసేసుకునేవాళ్ళు మనలో తక్కువేం లేరు.

మంచి వీడియోల లిస్టు పంపమన్నావు. పంపను. వీడియోలకు కొరత లేదు, పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష యాప్‌లో కావలసినన్ని దొరుకుతాయి. నీ క్లాసులో కొరత వేరే ఉంది, దాని గురించి రాస్తాను.

బడిలోకి యంత్రం రావడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరివాళ్ళకు. గడువు తీరాక ఉపగ్రహం జరిగిపోయింది, దాంతో వచ్చే పాఠమూ ఆగింది. తర్వాత ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం కింద సైన్సు కిట్లు వచ్చాయి. పిల్లలు పాడుచేస్తారని వాటిని బీరువాలో పెట్టి తాళం వేసుకున్న బడులు చాలా ఉన్నాయి. 2019 నవంబరు 14న మన ఒంగోలులోనే బడులను బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది, ఆ వెనకే హైస్కూళ్ళకు ఈ ప్యానెళ్ళు వచ్చాయి. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ కంపెనీ పాఠాలు నింపిన ట్యాబులు ఇవ్వడం మొదలుపెట్టారు. 2024 జూలైకల్లా ఆ కంపెనీ మీదే దివాలా విచారణ మొదలైంది. ప్రభుత్వాలూ కంపెనీలూ మారుతుంటాయి, యాప్‌లు వస్తాయి, పోతాయి. ఏ ఒక్క యాప్ మీదా నీ పాఠం మొత్తం కట్టుకోవద్దని ఇదంతా చెప్పుకొచ్చాను.

ఇక అసలు సంగతి. ప్యానెల్ అంత పెద్దదైనా అది చేసేది ఒక్కటే, నీ దగ్గరున్నదాన్ని పిల్లలకు చూపిస్తుంది. పిల్లల బుర్రలో ఏముందో నీకు చూపించదు. ఆ పని చేసే పనిముట్టు ఒకప్పుడు మన మార్కాపురం నుంచే దేశమంతా వెళ్ళింది. అదే పలక. అక్కడి క్వారీల్లో తవ్విన రాతిని పలచగా చీల్చి, నున్నగా అరగదీసి, చెక్క చట్రం బిగించి పంపేవాళ్ళు. నోటు పుస్తకం చవకయ్యాక, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది, ఇప్పుడా రాయి ఎక్కువగా నేలకూ గోడలకూ పోతోంది. చిన్నపిల్లల వస్తువని హైస్కూలు వాళ్ళం పలకను ఎప్పుడో వదిలేశాం. ఇంగ్లండు బడుల్లో చూడు, పెద్ద తరగతుల్లో కూడా పిల్లల చేతికి చిన్న చిన్న తెల్లబోర్డులు ఇస్తారు. ప్రశ్న అడగ్గానే అందరూ జవాబు రాసి ఒక్కసారి పైకెత్తుతారు. క్లాసు మొత్తం ఏమనుకుంటున్నదీ టీచరుకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. చెయ్యెత్తమంటే ఎత్తేది ఆ ముందు బెంచీ నలుగురే. పలకైతే ఆఖరి బెంచీ పిల్ల కూడా ఏదో ఒకటి రాయాల్సిందే.

పదో తరగతికి విద్యుత్తు పాఠం మొదలుపెట్టబోతున్నానన్నావుగా, దాంతోనే చూద్దాం.

ఫెట్ అనే సిమ్యులేషన్ల సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఫిజిక్సులో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టిన పని అది. ఉచితం. వాటిలో తెలుగులోకి వచ్చినవీ ఉన్నాయి. ముందురోజు ఇంట్లో దించుకొని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. అందులో సర్క్యూట్లు కట్టేది తీసుకో. ఒక బ్యాటరీ, ఒకేరకం బల్బులు రెండు, శ్రేణిలో కలుపు. స్విచ్ మాత్రం వెయ్యకు. "రెండు బల్బుల్లో ఏది ఎక్కువ వెలుగుతుంది? మొదటిదా, రెండోదా, రెండూ సమానమా?" అని అడిగి ఒక నిమిషం ఆగు. పక్కవాడి పలక చూడనివ్వకు. తర్వాత అందరినీ ఒకేసారి ఎత్తమను.

చాలామంది 'మొదటిది' అనే రాస్తారు. కరెంటు మొదటి బల్బులో కొంత ఖర్చయిపోయి మిగిలింది రెండోదానికి పోతుందని వాళ్ళ లెక్క. కాలవలో పైమడి తడిశాకే కింది మడికి నీళ్ళు పోవడం రోజూ చూసే పిల్లలు మరి, అట్లా అనుకోవడంలో తప్పేముంది? 'మొదటిది' అన్నవాడినీ 'సమానం' అన్నవాడినీ లేపి, ఎందుకట్లా రాశారో చెప్పమను. కాసేపు వాదించుకోనీ. అప్పుడు స్విచ్ వెయ్యి. రెండూ సమానంగా వెలిగేసరికి క్లాసులో పుట్టే గోలను ఆపకు. నువ్వు కోరుకుంటున్న నోరు విప్పడం అదే.

అదే సిమ్యులేషన్ ముందే నడిపి చూపించి "చూశారుగా, రెండూ సమానం" అన్నావనుకో, అందరూ తలూపి నోట్సులో రాసుకుంటారు. పరీక్షలోనూ సరిగ్గానే రాస్తారు. ఖర్చయిపోయే కరెంటు మాత్రం వాళ్ళ బుర్రలో అట్లాగే ఉంటుంది. మరునాడు టార్చిలైటు సెల్లులు, బల్బులు, కాస్త తీగ తెచ్చి అదే సర్క్యూట్‌ను పిల్లల చేత చేతులతో కట్టించు. నిజం బల్బులు రెండూ ముమ్మూర్తులా ఒకటిగా ఉండవు కాబట్టి వెలుగులో కాస్త తేడా రావచ్చు. అప్పుడు బల్బుల చోటు మార్పించు. తేడా బల్బుతోపాటే జరిగితే తప్పు చోటుది కాదు, బల్బుదని వాళ్ళే తేలుస్తారు. తెరమీది బల్బులు ఆ అవకాశం ఇవ్వవు.

ముందు ప్రశ్న, తర్వాతే తెర అనడం నా ఒక్కడి చాదస్తమని అనుకుంటావేమో. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి ఢిల్లీ ప్రభుత్వ బడుల పిల్లల మీద చేసిన పరిశోధన 2019లో అచ్చయింది. వాళ్ళు పరీక్షించింది మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ కార్యక్రమాన్ని, బడి అయ్యాక నడిచేది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ పిల్లలు బాగా ముందుకెళ్ళారు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని అక్కడ తేలింది. ఆ యంత్రం ఆరో తరగతి పాఠాన్ని రంగురంగులుగా చూపించి ఊరుకోలేదు. ముందు ప్రశ్నలు వేసి, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో కనుక్కుని, అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. సగం సమయం ఒక మనిషి దగ్గర కూర్చోబెట్టారు కూడా. నీకు ఆ సాఫ్ట్‌వేర్ లేకపోవచ్చు, ప్రశ్నతో మొదలుపెట్టే పద్ధతికి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

ప్యానెల్ మీద ఎప్పుడూ ఎక్కడివో బొమ్మలే కనపడాలని కూడా లేదు. తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే పళ్ళనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో వైద్య పత్రికలో తొలిసారి వచ్చింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల గురించి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మన పొదిలి కూడా నెల్లూరు జిల్లాలోదే. నువ్వు సైన్సు టీచరువి, ఇంతకన్నా దగ్గరి పాఠం నీకెక్కడ దొరుకుతుంది? పిల్లల్ని వీధికో బోరు నీళ్ళు సీసాల్లో తెమ్మను. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళకిచ్చిన పరీక్ష కిట్ ఉందేమో పంచాయతీలో అడుగు, లేకపోతే గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యుఎస్) లాబ్‌కు పంపు. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా. ఏ వీధి బోరు ఆ గీత దాటిందో పిల్లలు ముందు ఊహించి పలక మీద రాయాలి. ఫలితాలు వచ్చాక ఊరి ఉపగ్రహ చిత్రాన్ని ప్యానెల్ మీద తెరిచి, వాళ్ళ చేతనే ఒక్కో బోరు దగ్గర అంకె వేయించు. లోతు బోర్లలో ఎక్కువుందా, చెరువు దగ్గరి బోర్లలో తక్కువుందా అన్నది ఆ పటం చూస్తూ మాట్లాడుకోవచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. పిల్లల పళ్ళు ఫొటో తీసి తెర మీద వెయ్యొద్దు. గార పట్టిన పళ్ళతో నవ్వడానికి సిగ్గుపడే పిల్లలు నీ క్లాసులోనే ఉంటారు.

చాట్‌జీపీటీ, జెమినీ గురించీ అడిగావు. వాడుకో, తప్పేం లేదు. "పదో తరగతి పిల్లలు విద్యుత్తు విషయంలో ఏయే పొరపాట్లు చేస్తారు, అవి బయటపడేలా పది ప్రశ్నలు ఇవ్వు" అని అడిగితే పనికొచ్చేవి నాలుగైనా దొరుకుతాయి. తెలుగులో అడిగినా చెప్తుంది. కాకపోతే దానికి తెలియదు అనే మాట అంత తొందరగా రాదు. పొదిలి కొండ గురించి అడిగినా తడుముకోకుండా చెప్పేస్తుంది, నిజమో కాదో కొండెక్కి చూడాల్సింది మనమే. లెక్కలైతే నువ్వు చేసి చూశాకే క్లాసుకు తీసుకెళ్ళు. పిల్లల పేర్లు, మార్కులు, ఇంటి సంగతులు అందులో పెట్టకు.

చిన్నవి కొన్ని. కిటికీ వెలుగు తెర మీద పడితే వెనక బెంచీకి ఏమీ కనపడదు, ఒక పీరియడ్ అక్కడే కూర్చుని చూడు. సుద్దముక్కతో రాసే బోర్డు పక్కనే ప్యానెల్ ఉంటే పొడి గుడ్డతో రోజూ తుడిపించు. కరెంటు పోయిందని పాఠం ఆపకు. స్విచ్ వేసే ముందు అడిగే ప్రశ్న నీ దగ్గరుంటే, కరెంటు వచ్చేదాకా క్లాసు వాదించుకుంటూనే ఉంటుంది.

ప్యానెల్ ముట్టుకునే వంతు రిజిస్టరు ప్రకారం పెట్టు. లేకపోతే ఎప్పుడు చూసినా అదే ముగ్గురు మగపిల్లలు పరిగెత్తుకొస్తారు, ఆడపిల్లలు ఏడాదంతా కూర్చుని చూస్తారు. నీకంటే ఆ ముగ్గురికే ప్యానెల్ ఎక్కువ తెలిసినా ఫర్వాలేదు. సెట్టింగులు మర్చిపోతే వాళ్ళని అడుగు, వంతు మాత్రం తప్పనివ్వకు.

ఆదివారం కనిగిరి బస్సెక్కి ఇటు వస్తే అత్తయ్య గోంగూర పచ్చడి చేస్తానంటోంది. వచ్చేటప్పుడు ఆ విద్యుత్తు పాఠంలో స్విచ్ వేసే ముందు అడగబోయే ప్రశ్నలు కాగితం మీద రాసుకుని తీసుకురా. జవాబులు వద్దు, ప్రశ్నలు చాలు.

ఇట్లు,
మామయ్య