సిగ్గుపడి దాచకండి

దొడ్డికి పోయినప్పుడు నెత్తురు పడుతున్నది. ఎవరికి చెప్పాలి? మగవాళ్ళకు చెప్పాలంటే సిగ్గు. "కారం తిన్నాం, వేడి చేసింది" అనుకుంటాం. వరంగల్ మిర్చికి పేరు పడ్డ ఊరు కదా! నింద మిర్చి మీద పడుతుంది.

చాలాసార్లు ఆ నెత్తురు మొలల వల్లే పడుతుంది. కాని ప్రతిసారీ మొలలే అనుకోకూడదు.

మన పెద్దపేగు సుమారు 5 అడుగుల పొడవు. దాని లోపలి పొర మీద ఒక్కోసారి బుడిపె లేస్తుంది. ఒంటి మీద పులిపిరి లేచినట్టే. నొప్పి ఉండదు. అన్ని బుడిపెలూ చెడ్డవి కావు. కొన్ని మాత్రం మెల్లగా పెరిగి క్యాన్సర్ అవుతాయి. అందుకు చాలావరకు పదేళ్ళు పడుతుంది. ఈలోగా తీసేస్తే ఆ బుడిపె క్యాన్సర్ కాదు. క్యాన్సర్ మొదలైనా సరే, పైపొరలోనే ఉంటే పొట్ట కోయకుండా తీయవచ్చు.

ఎట్లా తీస్తారు? ముందు రోజు బేది మందు తాగిస్తారు. పేగు కడిగిన కుండలా ఉండాలి. నిజం చెప్పాలంటే ఇదే కష్టం. రాత్రంతా తిరగాలి. మరునాడు మత్తు సూది ఇస్తారు. వేలంత లావు మెత్తని గొట్టాన్ని మలద్వారం నుంచి లోపలికి పంపుతారు. గొట్టం కొసన దీపం, కెమెరా ఉంటాయి. డాక్టరు టీవీలో చూస్తారు. కాడ ఉన్న బుడిపెకు సన్నని తీగతో ఉచ్చు వేస్తారు. కరెంటు పంపి తెంపుతారు. పరుచుకున్న బుడిపె అయితే దాని కింద సూదితో ఉప్పునీరు ఎక్కిస్తారు. అది పూరీలా పొంగుతుంది. అప్పుడు కోస్తారు.

1969లో న్యూయార్కులో షిన్యా అనే డాక్టరు ఇలా తీగ ఉచ్చుతో బుడిపెలు తీశారు. మన హైదరాబాదులో ఏ.ఐ.జి. ఆసుపత్రి డాక్టరు నాగేశ్వర్ రెడ్డి ఈ గొట్టం వైద్యంలో పేరు పొందారు. ఆయనకు 2025లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

తీసిన ముక్కను పరీక్షకు పంపుతారు. వేరు లోతుగా దిగిందని తేలితే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఇంటికి వచ్చాక కడుపునొప్పి, జ్వరం, ఎక్కువ నెత్తురు ఉంటే వెంటనే ఆసుపత్రికి పోవాలి.

నెత్తురు పడినా, వారాల తరబడి విరేచనం తీరు మారినా, రక్తం తగ్గి నీరసించినా డాక్టరుకు చూపించుకోండి. అమ్మానాన్నలకు, తోబుట్టువులకు ఈ జబ్బు వచ్చి ఉంటే అదీ చెప్పండి. వరంగల్‌లో ఎం.జి.ఎం. ప్రభుత్వ ఆసుపత్రి. ఆడ డాక్టరు కావాలని అడగవచ్చు, తప్పు లేదు. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా అనీ అడగండి.

బుడిపె తీశాక మళ్ళీ ఎప్పుడు రావాలో చీటీ మీద రాసి ఇస్తారు. బుడిపెలు మళ్ళీ లేవవచ్చు. ఆ చీటీ పారేయకండి. తేదీ మీరే చదువుకోవచ్చు.