బాయి నేర్పింది, విమానం నేర్పింది

కరీంనగర్‌లో చదువుకుని, ఉద్యోగమంతా హైడ్రాలిక్స్, విమాన డిజైన్ పాఠాలు చెబుతూ గడిపినవాణ్ణి. సూత్రాలు పుస్తకాల్లో దొరుకుతాయి. సూత్రానికీ పనికీ మధ్య నేను తడబడ్డ చోట్లే ఇక్కడ రాస్తున్నాను.

1. పైకి చూసే కన్ను కిందికీ చూడాలి.

బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ కోసం వేసిన రన్‌వేను చూసి విమానాల మీద మనసుపడ్డవాణ్ణి. నా పరిశోధనంతా ల్యాండింగ్ గేర్ చుట్టూ, ఫ్లాపుల చుట్టూ తిరిగింది. నేల కింద మాత్రం 1983లో గోదావరిఖనిలో సింగరేణి బొగ్గు సంస్థ లాంగ్‌వాల్ పద్ధతి మొదలుపెట్టింది. అందులో బొగ్గు కోస్తున్నంతసేపూ పైనున్న బండను ఎత్తిపట్టేవి హైడ్రాలిక్ కాళ్లున్న సపోర్టులు. కోత ముందుకు సాగగానే అవి కిందికి దిగి, ముందుకు జరిగి, మళ్లీ బిగుసుకుంటాయి. 2014లో అడ్రియాల గనిలో వచ్చిన ఇలాంటి సపోర్టులు (షీల్డులు) ఒక్కొక్కటి వెయ్యి టన్నులకు మించిన భారం మోస్తాయి. వాటిలో ఆడేది నీళ్లలో కొద్దిగా నూనె కలిపిన ద్రవం. మంటంటుకునే భయంతో అలా పెట్టారు. ప్రయాణికుల విమానాల్లో ఫాస్ఫేట్ ఎస్టర్ ద్రవం వాడేదీ ఆ భయంతోనే. రెండూ ఒకే శాస్త్రం. అంత పెద్ద ప్రయోగశాల మా జిల్లాలోనే ఉండగా, నేను సమస్యల కోసం విదేశీ జర్నళ్లు తిరగేశాను. రామగుండంలోనో, మందమర్రిలోనో ఒక ఫిట్టర్‌ను అడిగినా దొరికేవి.

2. కనబడని ధారే కోస్తుంది.

మొదటిసారి బొగ్గుబాయి (గని) దిగినప్పుడు ఒక హోస్ పైపు దగ్గర సన్నటి తుంపర కనిపించింది. ఎక్కడ కారుతోందోనని చెయ్యి చాచాను. పక్కనున్న ఫిట్టర్ నా మణికట్టు పట్టి వెనక్కి లాగాడు. "చెయ్యి వెట్టకుండ్రి సారూ, కనవడది గని కోస్తది" అంటూ ఒక అట్టముక్క తెచ్చి, దూరం నుంచి పైపు వెంట నడిపించాడు. ఒకచోట అట్ట మీద తడి గీత పడింది. పంపు ఆపించి, లైనులో ఒత్తిడి పోయాకే పైపు విప్పాడు. సూదిమొనంత రంధ్రం నుంచి వందల బార్ల ఒత్తిడితో వచ్చే ధార చర్మంలోకి దూరిపోతుంది. పైకి చిన్న చుక్కే ఉంటుంది, మొదట నొప్పి కూడా పెద్దగా తెలియదు. లోపల కండ పాడై వేలు తీసేయాల్సి రావచ్చు. అలాంటి గాయమైతే మందు రాసుకుని ఊరుకోకుండా వెంటనే సర్జన్ దగ్గరికి పరిగెత్తాలి. పాస్కల్ సూత్రం చెప్పే రోజునే ఈ మాట కూడా క్లాసులో చెప్పాలి.

3. నూనె మురికిదైతే లెక్క ఎంత చక్కనిదైనా లాభం లేదు.

సర్వో వాల్వ్‌లో స్పూలుకూ దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య సందు కొద్ది మైక్రాన్లే. తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే కంటికి ఆనని రేణువు చాలు, వాల్వ్ పట్టేయడానికి. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ఒకబ్బాయి రిగ్‌లో వాల్వ్ మాటిమాటికీ పట్టేసేది. సమీకరణమే తప్పని, గణితం సరిగా రాదని అతణ్ణి నలుగురిలో నిలదీశాను. చివరికి ల్యాబ్ అటెండరు ట్యాంకు ఖాళీ చేస్తే అడుగున బూడిదరంగు మడ్డి తేలింది. నూనె, ఫిల్టరు మార్చాక అతని లెక్కా కొలతా కలిశాయి. ఆ రోజు నేను "సరే, రాసెయ్" అన్నానే తప్ప, తప్పు నాదని అనలేదు. ఇంత వయసొచ్చినా అది మనసులోంచి పోలేదు.

4. మూడు ఉన్నంతమాత్రాన మూడు అండలు కావు.

1989 జులై 19న అమెరికాలో యునైటెడ్ 232 అనే డీసీ-10 విమానం తోకలోని ఇంజిన్ ఫ్యాన్ డిస్కు గాలిలోనే పగిలింది. దాని ముక్కల దెబ్బకు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ ఖాళీ అయ్యాయి. డ్రాయింగులో అవి వేర్వేరు, తోక దగ్గర మాత్రం వాటి గొట్టాలు పక్కపక్కనే. మిగిలిన రెండు ఇంజిన్ల జోరు పెంచుతూ తగ్గిస్తూ పైలట్లు దాన్ని సూ సిటీ దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు. అంతకు నాలుగేళ్ల ముందు జపాన్‌లో ఒక 747కు నాలుగు వ్యవస్థలూ పోయి 520 మంది చనిపోయారు. రిడండెన్సీ అంటే ఏమిటని పరీక్షలో అడిగితే కంఠస్థం చేసి రాస్తారు. ఇవన్నీ ఒకేసారి పోవాలంటే ఏం జరగాలని అడగండి, అప్పుడు ఆలోచిస్తారు.

5. విమానమంటే రాజీ.

డిజైన్ క్లాసులో ఒక జట్టుకు రెక్క, ఒక జట్టుకు ల్యాండింగ్ గేర్, ఇంకో జట్టుకు హైడ్రాలిక్స్ ఇస్తాం. ఎవరి భాగాన్ని వాళ్లు గట్టిగా చేస్తారు. బరువులన్నీ కూడితే విమానం రన్‌వే వదలదు. ఎయిర్‌బస్ ఏ380లో మామూలు 3000 పీఎస్‌ఐకి బదులు 5000 పీఎస్‌ఐ వాడారు. దాంతో చిన్న సిలిండరూ, సన్నటి గొట్టమూ సరిపోయి దాదాపు ఒక టన్ను బరువు తగ్గింది. బదులుగా సీళ్లూ, పంపులూ, అతుకులూ ఎక్కువ శ్రమ పడాలి. తన భాగాన్ని మెరిపించిన జట్టుకన్నా, పక్క జట్టు కోసం రెండు కిలోలు వదులుకున్న జట్టుకు ఎక్కువ మార్కులు వేయండి.

6. హద్దు దాటిన భారానికి ఒదగాలి, హద్దులోపు కదలకూడదు.

బాయిలో సపోర్టు కాలికి ఈల్డ్ వాల్వ్ ఉంటుంది. బండ భారం నిర్ణయించిన ఒత్తిడిని దాటితే అది కాస్త ద్రవం వదులుతుంది. కాలు కొంచెం కుంగుతుంది, విరగదు. ఒత్తిడి తగ్గగానే వాల్వ్ మూసుకుంటుంది. పరిశోధకుడికీ అలాంటి హద్దు ఉండాలి. కొలిచిన అంకెను మార్చమని, చేయని పరీక్షను చేసినట్టు రాయమని ఎవరు ఒత్తిడి తెచ్చినా కదలొద్దు. విద్యార్థి లెక్క మన లెక్కను కాదన్నప్పుడు ఒదగాలి. నేను చాలాకాలం ఇది తారుమారు చేశాను. పైవాళ్ల తొందరకు ఒదిగాను, పిల్లల ప్రశ్నకు బిగుసుకున్నాను. బిడ్డా, మంథనిలోనో, జగిత్యాలలోనో ఇంజినీరింగ్ చదువుతుంటే నువ్వు నాకన్నా బాయికి దగ్గర. ప్రాజెక్టుకు పేరు పెట్టుకునే ముందు, అనుమతి తీసుకుని ఒక షిఫ్టు ఫిట్టర్ వెంట తిరుగు. మాటిమాటికీ పాడయ్యేది ఏదో అడిగి రాసుకో. అదే నీ ప్రాజెక్టు.