పదసూచికా నిర్మాణమున ప్రాత మాక్రోల దోషపరీక్ష

కావ్యములకు పదప్రయోగ సూచికలు కూర్చు పరిశోధకులు పదములను స్ప్రెడ్‌షీట్‌నందు వరుసగా నెక్కించి, లెక్కింపును మాక్రోకు విడుచుట కలదు. మాక్రో యనగా, మరల మరల చేయవలసిన పనులను యంత్రమునకు క్రమముగా వ్రాసి యుంచిన ఆజ్ఞావళి. ఎప్పుడో వ్రాసిన ఆజ్ఞావళి, ఎక్సెల్ క్రొత్త కూర్పునకు మారిన పిమ్మట రెండు విధములుగా చెడవచ్చును. పనిచేయక నిలిచిపోవుట యొకటి. పనిచేయుచున్నట్లే కనబడి తప్పు ఫలితము నిచ్చుట రెండవది. వీనిలో రెండవదియే ప్రమాదకరము.

మొట్టమొదట మూలపత్రమునకు ప్రతి తీసి, ప్రతిపైననే పరీక్ష జరుపవలెను. దానిని క్రొత్త రూపమున భద్రపరచునపుడు ‘ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం’ రూపమునే గ్రహింపవలెను. ‘ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్’ మాక్రోను నిలుపుకొనదు.

ఇక ప్రత్యక్ష దోషములు. 64 బిట్ల ఆఫీసునందు, విండోస్ ప్రక్రియలను పిలుచు ‘డిక్లేర్’ వాక్యములలో ‘పీటీఆర్‌సేఫ్’ అను పదము లేనిచో ఆజ్ఞావళి మొదటనే నిలిచిపోవును. ఆ పదమును చేర్చుట మాత్రమే చాలదు. స్మృతిస్థానములను దెలుపు చలరాశులను ‘లాంగ్‌పీటీఆర్’గా మార్చవలయును. 2007 కూర్పున తొలగింపబడిన ‘ఫైల్‌సెర్చ్’ను ఆశ్రయించిన మాక్రోయు నిట్లే ఆగును. వరుసల సంఖ్యను ‘ఇంటీజర్’గా నిర్దేశించినచో 32,767 దాటగనే దోషసూచన వచ్చును, ‘లాంగ్’ అని మార్చినచో నది తీరును.

పరోక్షదోషము నిట్లు గ్రహింపవలెను. 2003 కూర్పున పుటకు 65,536 వరుసలు మాత్రమే కలవు. 2007 నుండి అవి 10,48,576 అయినవి. ప్రాత మాక్రో కడపటి పదమును కనుగొనుటకు 65,536వ గడి నుండి పైకి వెదకును. ఆ గడి ఖాళీగా నున్నంతవరకు నిది సరియే. పదములు ఆ హద్దును దాటి, నడుమ ఖాళీ గడు లేవియు లేనిచో, ఆ వెదకుట మొదటి గడియొద్దకు పోయి నిలుచును. మాక్రో అదియే కడపటిదని గ్రహించి, క్రొత్త పదమును రెండవ గడిలో వ్రాయును. అచ్చట నున్న పదము నశించును. హెచ్చరిక యేదియు రాదు. కావున 65,536 అను సంఖ్యకు మారుగా, పుటలోని వరుసలను తానే లెక్కించు ‘రోస్.కౌంట్’ను వాడవలెను.

సవరించిన పిదప, పది పద్యముల పదములను చేతితో లెక్కించి మాక్రో ఫలితముతో పోల్చవలెను. చిన్న పాఠమున హద్దుదోషము బయటపడదు గనుక, ఆ పదములనే పలుమారులు చేర్చి 65,536 దాటించి మరల పరీక్షింపవలెను. పాఠము నెన్నిమారులు చేర్చితిమో, ప్రతి పదము లెక్కయు అన్ని రెట్లు కావలెను.

ఒక పదము కావ్యమున నొక్కమారే ప్రయుక్తమైనదని మనము నిర్ణయించునపుడు, ఆ నిర్ణయమున కాధారము ఈ లెక్కయే. ఆధారమును పరీక్షింపక చేసిన నిర్ణయము శాస్త్రము కానేరదు. కావున ముద్రిత సూచికల పీఠికలలో, వాడిన కూర్పును, జరిపిన పరీక్షను పేర్కొనుట యుక్తము.